వామన్‌రావు తయారుచేసిన సాక్షులు

రైళ్ల సమ్మె మొదలై మూడు రోజులైంది. రైలు కూత వినబడక నాంపల్లి స్టేషన్ వెనక సందులో అందరికీ నిద్ర చెడింది. వామన్‌రావు ఇంట్లో మాత్రం ఆ పొద్దున కలవరానికి కారణం వేరు. అతని మరదలు అహల్యకు ఆ సాయంత్రమే బెంగుళూరులో పెళ్లి. తల్లిలేని ఆ పిల్లను ఎత్తుకుని పెంచింది అక్క విద్యావతే. రైళ్లు లేవు కనుక గుండె రాయి చేసుకుని విమానం టిక్కెట్లు కొన్నారు. పదకొండు గంటల విమానం తప్పితే పెళ్లి తప్పినట్టే.

వామన్‌రావు కోర్టులో రికార్డు కీపరు. అతని లెక్కలో మనుషులు రెండు రకాలు. దొరికిన దొంగలు, ఇంకా దొరకని దొంగలు. ఈమధ్య విమానం ఎక్కేవాళ్లను పోలీసులు తడిమి చూసి, ప్రశ్నలు అడిగి పంపుతున్నారని పేపర్లో చదివినప్పటి నుంచి అతనికి అన్నం సయించడం లేదు.

"చిన్నపిల్లలను ఏమడుగుతరండి?" అంది విద్యావతి, సూట్‌కేసు మూత మీద కూర్చుని నొక్కుతూ.

"నీకేం ఎరుక? రోజూ కోర్టుల చూస్తున్న. ఎక్కువ మాట్లాడిన సాక్షే ఇరుక్కుంటడు. 'తెల్వదు' అన్నోడు సక్కగ ఇంటికి పోతడు."

అంటూనే పిల్లలిద్దర్నీ గోడకు ఆనించి నిలబెట్టాడు. సౌభాగ్యకు ఏడేళ్లు, సదాశివకు నాలుగు.

"సంచిల ఏమున్నది?"

"మురుకులు" అన్నాడు సదాశివ. నెత్తి మీద మొట్టికాయ పడింది.

"ఏమన్నాలె?"

"తెల్వదు."

"శభాష్. ఏ ఊరికి పోతున్నరు?"

"తెల్వదు."

"పోలీసాయన ఏమడిగినా?"

"తెల్వదు!" అన్నారిద్దరూ ఎక్కాలు అప్పజెప్పినట్టు. తప్పుకు మొట్టికాయ, ఒప్పుకు పిప్పరమెంటు. గంట గడిచేసరికి ఇద్దరి బుగ్గలూ పిప్పరమెంట్లతో ఉబ్బిపోయాయి.

"టైమైతున్నదండి" అని విద్యావతి అప్పటికి ఆరోసారి అంది.

తీరా టాక్సీ ఎక్కాక వామన్‌రావు దాన్ని ఆబిడ్స్‌లో ఆపించాడు. పక్కింటి సైలస్‌కు అక్కడ కళ్లద్దాల దుకాణం ఉంది. ఇంట్లో పెడితే దొంగలు, వెంట ఉంటే జేబుదొంగలు అని రేషన్ కార్డును, ఇంటి తాళంచెవిని ఆయన చేతిలో పెట్టాడు.

"ఎవరన్న ఫోన్ చేసి నా గురించి అడిగితే తెల్వదను. ఇంట్ల లేమని కనుక్కునేతందుకు దొంగలు గిట్లనే చేస్తరు. పోలీసులమంటరు గూడ, నమ్మకు."

"నేను అబద్ధమాడ వామన్‌రావ్. ఆదివారం చర్చిల ఏ మొఖం పెట్టుకోని కూసోవాలె?"

"ఒక్క అబద్ధం! నా ఇల్లు నీ చేతుల ఉన్నది."

సైలస్ మెత్తని మనిషి. నిట్టూర్చి ఒప్పుకున్నాడు.

విమానాశ్రయంలో ఆడవాళ్లను తెర చాటుకు పంపారు. విద్యావతి అటు వెళ్లింది. పిల్లలతో వామన్‌రావు మగవాళ్ల వరసలో నిలబడ్డాడు. అక్కడి సబ్ ఇన్‌స్పెక్టర్ భూమయ్య వామన్‌రావు జేబులు తడిమాడు, ఏమీ దొరకలేదు. పొమ్మనేవాడే, కానీ సదాశివ బుగ్గలు చూసి ముద్దొచ్చి వంగాడు.

"నోట్లె ఏంది బేటా?"

"తెల్వదు."

"ఎవరిచ్చిన్రు?"

"తెల్వదు."

భూమయ్య నవ్వు తగ్గింది. పిల్లలకు మిఠాయి పెట్టి ఎత్తుకుపోయేవాళ్ల కేసులు అతను చూసినవాడే. సౌభాగ్య వైపు తిరిగి "ఈయన మీ నాయనేనా?" అని అడిగాడు.

సౌభాగ్య క్లాసులో ఎప్పుడూ ఫస్టు. ఒక్క క్షణం ఆలోచించి "తెల్వదు సార్" అంది. సార్ అన్నది ఆ పిల్ల సొంతంగా చేర్చింది.

"ఏయ్! నేను మీ నాయన్ని! చెప్పుండ్రి!" అంటూ వామన్‌రావు చెయ్యెత్తాడు. పిల్లలిద్దరూ చటుక్కున నెత్తి కప్పుకున్నారు. ఇది పెద్ద పరీక్ష అనుకున్న సదాశివ మరింత గట్టిగా "తెల్వదు!" అని అరిచి, పిప్పరమెంటు కోసం చెయ్యి చాపాడు.

భూమయ్య వామన్‌రావును గదిలోకి తీసుకెళ్లాడు. వామన్‌రావు చేతులు జోడించాడు. "ఆబిడ్స్‌ల సైలస్‌కు ఫోన్ చెయ్యుండ్రి సార్, నా సంగతంత చెప్తడు" అని నంబరు చెప్పాడు. చెప్పాక గాని తానేం నేర్పి వచ్చాడో గుర్తు రాలేదు. అప్పటికే భూమయ్య నంబరు తిప్పాడు.

"పోలీసు మాట్లాడుతున్న. వామన్‌రావు అనేటాయన నీకు ఎరుకనా?"

అవతలి గొంతు "నాకు తెల్వదు" అంది. ఆ వెంటనే "ప్రభువా, క్షమించు" అని వినబడి ఫోన్ తెగింది.

"క్షమించుమంటున్నడు" అన్నాడు భూమయ్య. "ఇద్దరు గలిసి ఏం చేసిన్రు?"

ఇంతలో విద్యావతి వెతుక్కుంటూ వచ్చింది. పిల్లలు "అమ్మా!" అని ఆమె కాళ్లను చుట్టేసుకున్నారు. జరిగింది విని ఆమె "మా ఆయనే సార్" అంది.

"బెదిరిచ్చి చెప్పిస్తున్నడా అమ్మా? భయపడకు. పిల్లలు నీవోళ్లే, కండ్ల ముంగట కనబడుతున్నది. ఈయన సంగతే తేలుతలేదు. కాయితం ఏదన్న ఉన్నదా?"

కాగితం సైలస్ దగ్గర ఉంది. దాన్ని తెమ్మని భూమయ్య కానిస్టేబుల్‌ను ఆబిడ్స్‌కు పంపాడు. రావడానికి గంట పడుతుంది. బయట బెంగుళూరు ప్రయాణికులకు ఆఖరి పిలుపు వినబడింది.

విద్యావతికి దొంగల భయం లేదు, పోలీసుల భయం లేదు. పీటల మీద కూర్చుని అహల్య గుమ్మం వైపు చూస్తుంటుందన్నదే ఆమె దుఃఖం. ఆమె కళ్లు తుడుచుకుంది.

"మేం పోవచ్చునా సార్?"

"బేషక్ పోవచ్చమ్మ."

"విద్యా! నన్ను గీడ ఇడిసిపెట్టి పోతవా? రేపు పోదాం, అందరం!"

"పెళ్లి రేపు లేదండి" అంది విద్యావతి. మురుకుల సంచి అతని ఒళ్లో పెట్టి, పిల్లల చేతులు పట్టుకుని, వెనక్కి చూడకుండా విమానం వైపు నడిచింది.

కార్డును కానిస్టేబుల్ చేతికివ్వనని పట్టుబట్టి, గంటంబావుకు సైలస్ తనే వచ్చాడు. రేషన్ కార్డును చొక్కా లోపల దాచుకుని రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు.

"అయ్యో ఇయ్యి సైలస్!" అన్నాడు వామన్‌రావు.

"నువ్వాగు. వీళ్లు నిజంగ పోలీసులేనా? టోపీ పెట్టుకున్నోళ్లందరు పోలీసులైతరా?"

భూమయ్య తన గుర్తింపు కార్డు తీసి చూపించాడు. సైలస్ దాన్ని వెలుతురుకు పెట్టి రెండుసార్లు చదివాకే రేషన్ కార్డు బయటికి తీశాడు. అప్పటికి విమానం బెంగుళూరు దారిలో ఉంది.

పదిహేను రోజులకు పెళ్లి ఫొటోలు పోస్టులో వచ్చాయి. చెల్లెలి పక్కన నిలబడి విద్యావతి ప్రతి ఫొటోలోనూ పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. పెళ్లయిన పదేళ్లలో వామన్‌రావు ఆమె ముఖాన అంత నవ్వు చూడలేదు. ఆమెను ఎవరు నవ్వించారో కనిపెడదామని అతను ఆ ఫొటోలను భూతద్దం పెట్టి ఇప్పటికీ వెతుకుతున్నాడు.