నాలుగు మిల్లీమీటర్ల నేరం

"ఈ క్షణం నుండి ఇది మైదానం కాదు, నేరస్థలం! ముప్పై ఏళ్ళు పరుగెత్తే రైళ్ళలో టికెట్టు లేనివాణ్ణి ముఖం చూసి పట్టిన కళ్ళివి. డిటెక్టివ్ గురుమూర్తి వచ్చినాడు. నేరస్థులారా, వణకండి!"

కుప్పం శివారులో, గ్రానైటు ధూళి పరుచుకున్న ఆ మైదానంలో ఎవరూ వణకలేదు. వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న ఒక పెద్దాయన మాత్రం, "ఎవరప్పా ఈయన?" అని పక్కవాణ్ణి అడిగాడు. చిన్నప్ప తల వంచుకున్నాడు. దర్జీ చిన్నప్పకు వారానికి ఒక్కటే సెలవు. ఆ ఒక్క ఆదివారాన్నీ స్నేహితుడి అపరాధ పరిశోధనలకు ధారపోయడం పూర్వజన్మ పాపఫలమని అతని భార్య ఏనాడో తేల్చేసింది.

నేరం ఇది. మదనపల్లె మురళీధర్‌కు మూరెడు పొడవున్న, నైట్రో ఇంధనపు ట్రక్కు ఉంది. రిమోట్‌తో నడుస్తుంది. చూడబోతే బొమ్మే కాని, లోపల నిమ్మకాయంత నిజమైన ఇంజను. పొగ వెళ్ళడానికి నడుమ ఉబ్బి, కొసన సన్నబడిన పైపు. శుక్రవారం పుంగనూరులో, మెకానిక్ సంగీత షెడ్డు ముందు అది చిరుతలా దూకింది. శనివారం మదనపల్లెలో యజమాని ఇంట విశ్రమించింది. ఆదివారం కుప్పం పోటీలో, ఫైనలు ముందరి ట్రయలులో, మొదటి దిబ్బ దగ్గరే ముసలి ఎద్దులా మూలిగి నిలిచిపోయింది. ఫైనలుకు ఇక అరగంట.

మురళీధర్ ఆలోచించలేదు. మైకు అందుకున్నాడు. "పుంగనూరు సంగీత నా ఇంజను చెడగొట్టింది. ఈ పిల్ల చేతికి ఎవురూ బండ్లు ఇయ్యద్దండి!"

ఆ మాట చెవిన పడగానే, ఆమెకు బండ్లు అప్పగించిన ముగ్గురు వాటిని చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు. క్వారీలో రాళ్ళు కొట్టిన తండ్రి బిడ్డ సంగీత. ఆమె ఆస్తి నాలుగు స్పానర్లూ, ఒక మంచి పేరూ. స్పానర్లు మిగిలాయి.

"ఒక్కతూరి ఆ పైపు ఊడదీసి సూడనీండి సార్. పొగ సరిగ్గా బయటికి పోలేదు. శబ్దంలోనే తెలస్తాండాది" అంది సంగీత.

"ముద్దాయి సాక్ష్యాన్ని తాకరాదు!" గురుమూర్తి చేయి అడ్డం పెట్టాడు.

"ఆ పాప సూస్తే పొయ్యేదేముందప్పా?" అన్నాడు చిన్నప్ప.

"నువ్వు కుట్టేవాడివి, చిన్నప్పా. కుట్రలు నీకు అర్థం కావు." గురుమూర్తి ఆమె వైపు తిరిగాడు. "పైపును నువ్వు జరిపినావా, లేదా?"

"జరిపినాను."

"ఒప్పుకున్నాది! యాల జరిపినావు?"

"ఈడ మలుపులూ దిబ్బలూ ఎక్కువ. పైపు కొంచెం పొడుగు చేస్తే మెల్లగా పొయ్యేటప్పుడు లాగే బలం వస్తాది. పొట్టి చేస్తే టాపు స్పీడు పెరగతాది గాని, దిబ్బ కాడ ఏడుస్తాది. రబ్బరు జాయింటు దగ్గర నాలుగు మిల్లీమీటర్లు జరిపినా. అంతే."

గురుమూర్తి చిన్నప్ప మెడలోని టేపు లాక్కుని, అంగుళాల వైపు పెట్టి కొలిచాడు. చిన్నప్ప ఓపికగా టేపు తిప్పి ఇచ్చాడు.

"నాలుగు మిల్లీమీటర్లు! రామకుప్పం రాగిచేలో ఏనుగు పడినట్లు, మురళీధర్ విజయం మీద ఈ నాలుగు మిల్లీమీటర్లు పడినాయి!"

"శుక్రవారం గూడా అవే నాలుగు ఉండె కదా సార్. అప్పుడు యాల పరిగెత్తె?"

జవాబు లేని ప్రశ్నను గురుమూర్తి పొగరు కింద జమకట్టేవాడు. జమకట్టాడు.

చిన్నప్పకు మాత్రం మనసులో ముల్లు గుచ్చుకుంది. రవికె ఇంటికి వెళ్ళాక బిగుసుకుపోతే తప్పెప్పుడూ దర్జీదే. వేడినీళ్ళలో ముంచినవాళ్ళను ఎవరూ అడగరు. అందుకే అడిగాడు: "మురళీ, నిన్నంతా బండి మీ ఇంట్లో ఎవురి చేతిలో ఉండె?"

"మా ఇంట్లో దొంగలుండారంటావా?" మురళీధర్ కస్సుమన్నాడు.

పోటీ పెద్ద మునిశేఖర్ మెకానిక్కుల జాబితా తీసి, సంగీత పేరు కొట్టివేయడానికి కలం మూత విప్పాడు. సంగీత ఏడవలేదు. ఆ కలం ముక్కునే చూస్తూ నిలబడింది.

"ఆగండి! ఆయుధాన్ని సభకు చూపకుండా శిక్షా?" అంటూ గురుమూర్తి వంగి పైపును పట్టుకున్నాడు. మురళీధర్ అప్పుడే మళ్ళీ స్టార్టు చేసి ఆపిన ఇంజను. "అబ్బా, కాలిపాయెనే!" అన్నప్పుడు మాత్రం ఆయనలో డిటెక్టివు లేడు, కుప్పం మనిషే ఉన్నాడు. చేతిగుడ్డ చుట్టి, ఎట్టకేలకు పైపు ఊడబెరికి, కత్తిలా గాలిలో తిప్పి సంగీత వైపు చాచాడు. "ఇదిగో ఆయుధం! అదిగో దోషి!"

ఆ విసురుకు పైపు తోకలోనుంచి నల్లటిదేదో ఎగిరి, మురళీధర్ టీ గ్లాసులో బుడుంగున పడింది.

మునిశేఖర్ వేలు ముంచి పైకి తీశాడు. నూనెలో నానిన, రెండంగుళాల వెదురుపుల్ల. అంతటి పొగలోనూ ఇంకా గంధం వాసన.

ముందు వరుస కుర్చీలోంచి మురళీధర్ తల్లి వెంకటలక్ష్మమ్మ లేచింది. "అది మన ఊదుబత్తి కదరా! పోటీకి పొయ్యే బండి అని నిన్న పూజ చేస్తిని. కుంకుమ పెడితి, టెంకాయ కొడితి. ఊదుబత్తి గుచ్చేదానికి అరటిపండు ల్యాకపాయె. ఎనక సన్నటి బెజ్జం కనపడె. దాంట్లో గుచ్చితి. పుల్ల లోపలే ఇరిగిందేమో."

"అమ్మా! అది పొగ వచ్చే దారి!"

"ఊదుబత్తికి గూడా వచ్చేది పొగే కదరా!"

నవ్వులు కొంత తగ్గాక గురుమూర్తి గొంతు సవరించుకున్నాడు. "సరిగ్గా నేను ఊహించినట్లే. అందుకే ఆ కోణంలో విసిరినాను."

సంగీత పైపు బిగించింది, అవే నాలుగు మిల్లీమీటర్లు అట్లే ఉంచి. స్టార్టరు తాడు ఒక్క గుంజు గుంజగానే ఇంజను గొంతెత్తి అరిచింది. మురళీధర్ మురిసిపోతూ చేయి చాచాడు. ఆమె బండి ఇవ్వలేదు.

"మైకు యాడ ఉండాది సార్?"

"పొరపాటాయమ్మా. సారీ. ఐపాయె కదా?"

"తప్పు మైకులో చెప్తిరి. ఒప్పు చెవిలో చెప్తారా?"

మునిశేఖర్ కలానికి మూత పెట్టి, మురళీధర్ చేతిలో మైకు పెట్టాడు. మురళీధర్ గొణిగాడు.

"గట్టిగా చెప్పరా, నాకే వినపల్యా!" అంది కన్నతల్లి.

రెండోసారి కుప్పం రైల్వే స్టేషను దాకా వినిపించింది. వెళ్ళిపోయిన ముగ్గురూ బండ్లతో తిరిగివచ్చి, బడిపిల్లల్లా వరుస కట్టారు.

"మీరు గూడా సార్" అంది సంగీత, గురుమూర్తితో.

గురుమూర్తి మైకు ముందు నిలబడి, తన జీవితంలోకెల్లా చిన్న ఉపన్యాసం ఇచ్చాడు: "తప్పు నాది గూడా."

ఆ తప్పును తాను ఎంత చాకచక్యంగా కనిపెట్టాడో ఆ తర్వాత పావుగంట వివరించాడు. ఫైనలు ఆలస్యంగా మొదలైంది అందుకే.