గేటు గురించి ఒక్క వాక్యం

చనిపోయి నూట తొంభై ఏళ్లయిన హెస్టర్‌కు బదిలీ అయింది. ఆమె సంచీ సర్దడానికి సాయం చేయమని ఆఫీసువారు వకుళను పంపారు. వ్యాను పది గంటలకు వస్తుందని, ఇంకా రెండు గంటలు ఉంది కాబట్టి కంగారు పడనక్కర్లేదని మేనేజరు ప్రెంటిస్ చెప్పాడు. వకుళకు కంగారుగానే ఉంది. ఎవరు ఎక్కడికి బయలుదేరుతున్నా ఆమెకు అంతే. వేసిన తాళాన్నే మళ్లీ లాగి చూస్తుంది.

విట్లాక్ హౌస్ అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన కల్నల్ విట్లాక్ ఇల్లు. ఇప్పుడు టికెట్టు కొనుక్కుని చూసే చారిత్రక స్థలం. ఇలాంటి ఇళ్లన్నిటిలోలాగే ఇక్కడ కూడా ఆ కాలపు మనుషులే, పోయిన తర్వాత, డ్యూటీలో కొనసాగుతున్నారు. మేడ మీద కల్నల్ స్వేచ్ఛ గురించి ఉత్తరాలు రాస్తూ కనిపిస్తాడు. కింద వంటగదిలో, ఆయనకు బానిసగా బతికిన హెస్టర్ వంట చేస్తూ కనిపిస్తుంది. వకుళ గైడు. నరసరావుపేటలో పన్నెండేళ్లు సోషల్ టీచరుగా చేసి, భర్త వెంట ఈ దేశం వచ్చి, ఆయన పోయాక ఈ పనిలో చేరింది. అరవై ఆరేళ్లు. హెస్టర్‌ను పదకొండేళ్లుగా అక్కా అనే పిలుస్తోంది.

ఎన్నికలు జరిగినప్పుడల్లా ఆ ఇంట్లో దారి మారుతుంది. ఒక పార్టీ గెలిస్తే సందర్శకులు ముందు మేడెక్కి గర్వపడి, తర్వాత, టైముంటే, వంటగదిలోకి దిగుతారు. రెండో పార్టీ గెలిస్తే ముందు వంటగదిలో సిగ్గుపడి తర్వాత మేడెక్కుతారు. మెట్లు అవే. బాణం గుర్తులున్న బోర్డులు మాత్రం రెండు జతలున్నాయి, ఒక జత ఎప్పుడూ మెట్లకింది గదిలో ఉంటుంది.

పోయిన ప్రభుత్వంలో హెస్టర్ మీద వచ్చిన ఫిర్యాదు ఆమె నవ్విందని. బెండకాయలు తరుగుతూ నవ్వడం వల్ల తమకు కలగవలసిన బాధ సగమే కలిగిందని ముగ్గురు కార్డుల మీద రాసి పెట్టెలో వేశారు. పది నుంచి నాలుగు వరకు నవ్వరాదని ఆమెకు మెమో ఇచ్చారు. ఇప్పటి ప్రభుత్వంలో ఫిర్యాదు ఆమె చెప్పే ఒక వాక్యం మీద. "నా కూతురు డైనాకు పద్నాలుగేళ్లప్పుడు, కల్నల్ గారు మేనకోడలి పెళ్లికి కానుకగా దాన్ని ఆ గేటులోంచి పంపేశారు, మళ్లీ రాలేదు." ఇది విన్నాక పిల్లలు కారెక్కేదాకా జెండా వైపు చూడలేదని ఒక తండ్రి రాశాడు. స్మారక గృహాల శాఖవారు విచారించి, ఆ వాక్యాన్ని సవరించి పంపారు. "డైనా ఉద్యోగరీత్యా వేరే ఊరు వెళ్లింది." ఇలా చెప్పేటట్లయితే హెస్టర్ ఉండవచ్చు. లేకపోతే, వాడకంలో లేని సామాను పెట్టే శాఖవారి గోదాముకు వెళ్లాలి.

హెస్టర్ డ్యూటీ అంటే ఇష్టమై ఉండిపోలేదు. ఆ రోజు బండి ఎక్కేముందు డైనా, "నేను తిరిగొస్తే నువ్వెక్కడుంటావు?" అని అడిగింది. "ఈ పొయ్యి దగ్గరే" అంది హెస్టర్. అంతే.

"సంచీ ఏదక్కా?" అంది వకుళ.

"ఉంది. నంబరేసి ఉంది."

సంచీయే కాదు, తెడ్డుకీ నంబరుంది. పెనానికీ, ఆప్రాన్‌కీ ఉంది. నంబరున్న వస్తువు ఇల్లు దాటకూడదు. వకుళ కారులోంచి జిప్పున్న బియ్యం సంచీ తెచ్చింది. ఇండియన్ స్టోర్సులో ఇరవై పౌండ్ల సోనామసూరి కొన్నప్పటిది.

హెస్టర్ గోడనున్న అద్దాలపెట్టె వైపు చూసింది. అందులో నీలిపూస ఒకటి. డైనా మెడలోది. నేలపలకల కింద దాచింది హెస్టర్, తవ్వి తీసింది యూనివర్సిటీవాళ్లు.

"అది?"

"దానికీ ఉందక్కా. నూట పద్దెనిమిది."

"సరే. అదన్నా ఇక్కడుండనీ. గుర్తుపడుతుంది."

వకుళ సంచీ జిప్పు తీసి మూసి, మళ్లీ తీసింది. "ఒక్క వాక్యమే కదక్కా. నోటితో అనెయ్. మనసులో నీది నువ్వు అనుకో. నేను బళ్లో ఎన్ని చెప్పలేదూ? పుస్తకంలో ఏది ఉంటే అది."

"ఉద్యోగానికెళ్లిందంటే దానికోసం ఎవరు వెతుకుతారే? అందరూ ఊరుకుంటారు. అది కూడా విని ఊరుకుంటుంది."

"మరి నువ్విక్కడ లేకపోతే?"

"అదే ఆలోచిస్తున్నా," అంది హెస్టర్. బెండకాయలు తరగడం ఆపలేదు. "నువ్వు జిగురు పోయేదాకా వేయించకు. ఎన్నిసార్లు చెప్పాను. జిగురు లేనిది బెండకాయేమిటి?"

"మా ఇంట్లో జిగురుంటే ఎవరూ ముట్టరు."

"మీ ఇంట్లో ఎవరున్నారు ముట్టడానికి?"

ఇద్దరూ నవ్వారు. ఇంకా పది కాలేదు కాబట్టి అది మెమోకి వ్యతిరేకం కాదు.

ఆ నవ్వు విని కల్నల్ మెట్లు దిగివచ్చాడు. రెండు వందల ఏళ్లుగా ఆయన మధ్యాహ్నం రొట్టె హెస్టరే పంపుతోంది. "ఏమిటమ్మా, వెళ్తున్నావట? నా భోజనం సంగతి ఆఫీసుకి ఎవరైనా రాశారా?"

వకుళ ధైర్యం చేసింది. "మీరొక మాట రాసిస్తే ఆగిపోతుందండీ. డైనాను నేనే పంపించానని, ఆమె చెప్పేది నిజమేనని."

కల్నల్ చాలా మర్యాదస్తుడు. నిజంగానే ఆలోచించాడు. "రాసేవాణ్ణే. కానీ ఆ ఏడాది నా జ్ఞాపకం మరమ్మతులో ఉంది కదా. పని పూర్తయ్యేదాకా ముట్టుకోవద్దన్నారు." ఆయన జ్ఞాపకానికి ఆరేళ్ల క్రితమే పరంజా కట్టారు. ఆయన హెస్టర్ వైపు తిరిగి, "నీ రొట్టె లాంటిది నేనెక్కడా తినలేదు," అన్నాడు. అది నిజం. తర్వాత ఆయన మేడ మీదికి వెళ్లి ఉత్తరం కొనసాగించాడు.

వ్యాను పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ప్రెంటిస్ స్వయంగా తలుపు తీసి పట్టుకున్నాడు. ఫారం మీద హెస్టర్ పేరుకెదురుగా 'సామాను, ఒకటి' అని రాసి ఉంటే, సిగ్గుపడి, పెన్నుతో 'దయచేసి జాగ్రత్త' అని చేర్చాడు. బియ్యం సంచీలో బెండగింజలు గుప్పెడు, వకుళ స్వెట్టరు ఒకటి ఉన్నాయి.

"అది వస్తే చెబుతావుగా?"

"చెబుతానక్కా."

"ముందు అన్నం పెట్టు. తర్వాత చెప్పు."

వ్యాను ఆ గేటులోంచే వెళ్లింది. ఇంకో గేటు లేదు.

వంటగదిలో ప్లాస్టరుతో చేసిన పంది తొడ, ప్లాస్టరు రొట్టెలు పెట్టారు. సందర్శకులు ఫోటోలు తీసుకున్నారు. ఫిర్యాదులు తగ్గాయి. కల్నల్ ఒక రోజు ప్లాస్టరు రొట్టె కొరికి, తిరిగి పెట్టేశాడు.

తర్వాతి ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. బాణాలు తిరిగాయి. వంటగది గోడకు హెస్టర్ ఏడుస్తున్న పెద్ద బొమ్మ పెట్టి, ఆమెను ఇక్కడినుంచి పంపడం దేశానికే తలవంపులని కింద రాశారు. వకుళ ఆఫీసుకు వెళ్లి, అయితే ఆమెను వెనక్కి రప్పించమని అడిగింది.

"బోర్డు పెట్టాం కదా వకుళా," అన్నాడు ప్రెంటిస్. మంచివాడు కాబట్టి గోదాముకు ఫోన్ కూడా చేశాడు. మూడు గోదాములున్నాయి. నంబరు చెబితే వెతుకుతామన్నారు. హెస్టర్‌కు నంబరు లేదు.

ఆ ఏడాది వకుళ రిటైరు కావాలి. ఆమె మరణానంతర డ్యూటీకి దరఖాస్తు పెట్టుకుంది. స్థలం అన్నచోట వంటగది అని, కారణం అన్నచోట 'ఒకమ్మాయి రావలసి ఉంది' అని రాసింది. మంజూరైంది. ఎప్పుడు ఏ వాక్యం అమలులో ఉంటే అదే చెబుతానని కింద ఒక హామీ ఉంది. వకుళ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, సంతకం చేసి, పొయ్యి పక్కన తన కుర్చీ ఎక్కడ పడుతుందో కొలుచుకుంది.

డైనా 1811 మార్చి ఐదు, మంగళవారం వెళ్లింది. తిరిగి రాలేదు. హెస్టర్ 2025 అక్టోబరు పద్నాలుగు, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు వెళ్లింది. తిరిగి రాలేదు.