సార్ అరలో సీసా

ఆ ఉదయం ఆమె వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ల్యాబ్‌కు వెళ్ళాలి, సీసాల్లో పెంచుతున్న కణాల్లో వైరస్ పెరిగిందో లేదో చూడాలి, పెరగకపోతే ఏడవాలి. మూడేళ్ళుగా మొండికేసిన వైరస్ అది. ఈ నెలాఖరుకు పెరగకపోతే పరిశోధన ఆపేసి ఇంటికి వెళ్ళమని గైడు చెప్పేశారు.

"రొట్టె ఒక్క పూట బయటుంటే చాలు, దానిమీద ఏదో ఒకటి పెరుగుతుంది. మీ ల్యాబ్‌లో ఏదీ పెరగదేం?" అన్నాడు భర్త, చెప్పులు వేసుకుంటూ.

"మా సార్ పెరగనివ్వరండీ" అంది ఆమె.

గైడుకు ల్యాబ్ పెట్టిన పేరు శుభ్రం సార్. కల్చర్‌లో బాక్టీరియా చేరడం ఆయన దృష్టిలో హత్య కన్నా పెద్ద నేరం. కిందటేడు ఒకతని సీసాలో చేరితే అతన్ని వేరే విభాగానికి పంపేసి, అతను కూర్చున్న కుర్చీ కూడా మార్పించారు.

కణాలను వెచ్చగా ఉంచే పెట్టె తలుపు తీసింది. ఒక సీసా పాలు కలిపిన నీళ్ళలా మబ్బుగా ఉంది. బాక్టీరియా. అసలే వైరస్ పెరగక చస్తుంటే గోరుచుట్టు మీద రోకలిపోటు. దాన్ని కోటు కింద దాచుకుని పోదామనుకునేలోగా వరండాలో సార్ దగ్గు వినిపించింది. చేతికందిన పై అరలోకి తోసేసింది.

పై అర సార్‌ది. ఆయన స్వయంగా కణాలు పెంచడం మానేసి చాలా కాలమైంది. డైరెక్టర్ వచ్చే రోజు మాత్రం సీనియర్ అక్క ఒక సీసాలో వైరస్ వేసి అక్కడ పెడుతుంది. అది సార్ చేసినట్టే లెక్క. ఆ రోజు డైరెక్టర్ వస్తున్నారు, అక్కేమో మరిచిపోయింది. తప్పు ఒప్పుకుందామని ఆవిడ పరుగున వచ్చేసరికి సార్ మబ్బు సీసాను మైక్రోస్కోపు కింద పెట్టి మురిసిపోతున్నారు.

"చూశావా, కణాలన్నీ పగిలిపోయాయి. ఈ మబ్బంతా వాటిదే. వైరస్ పెంచడమంటే ఇదీ."

"మీ చేతి మహిమ సార్" అంది అక్క, ఆ సీసా ఎక్కడిదో తెలియక.

ఆమె తేలు కుట్టిన దొంగలా నిలబడింది. సార్ అలవాటు ప్రకారం ఆ ద్రవాన్ని వడకట్టి, వైరస్‌ను లెక్కించడానికి పంపి, మిగతాదంతా బ్లీచింగ్‌లో ముంచారు. ఆయన అటు వెళ్ళగానే ఆమె భయంతో పెట్టెనంతా స్పిరిట్‌తో తుడిచి, తన సీసాలన్నీ ఆవిరిలో ఉడికించేసింది.

లెక్క వచ్చింది. ఆమెకు ఎన్నడూ రానంత వైరస్, వందల రెట్లు. డైరెక్టర్ సార్ భుజం తట్టి, మళ్ళీ ఒకసారి చేసి చూపించమన్నారు. అక్క సార్ పేరున రెండుసార్లు చేసింది. శుభ్రమైన ఆ సీసాల్లో ఏమీ పెరగలేదు.

వైరస్‌కు అండ దొరికింది ఆ బాక్టీరియా వల్లనేనని ఆమెకు అప్పటికే అర్థమైంది. చెబితే నేరం, చెప్పకపోతే మూడేళ్ళ కష్టం బూడిద. చివరికి చెప్పేసింది.

"ఆ సీసా నాది సార్. అందులో బాక్టీరియా పడింది. అది ఉండబట్టే వైరస్ అంత పెరిగింది."

సార్ కుర్చీలో కూలబడ్డారు. "అంటే, ఇన్నాళ్ళూ నేనే పెరగనివ్వలేదన్నమాట. ఏదీ ఆ బాక్టీరియా?"

"మీరు బ్లీచింగ్‌లో ముంచారు."

"పెట్టెలో ఉంటుందేమో?"

"నేను తుడిచేశాను సార్."

"సరే, మళ్ళీ పట్టించు. దొరికితే అదే నీ థీసిస్. కానీ నెలాఖరు దాటితే నా చేతిలో ఏమీ ఉండదమ్మా."

అప్పటినుంచి సీసాల మూతలు తీసే ఉంచారు. చేతులు కడుక్కోవడం మానేశారు. శుభ్రం సార్ స్వయంగా వచ్చి సీసాల మీద దగ్గి వెళ్ళారు. ఆమె ఇంటినుంచి బూజు పట్టిన రొట్టె కూడా తెచ్చి పక్కన పెట్టింది. సీసాలు మాత్రం అద్దాల్లా మెరుస్తూనే ఉన్నాయి. పిలవని నాడు వచ్చి కూర్చున్నది పిలిచిన నాడు గడప తొక్కలేదు.

ఆఖరి రోజున అక్క ఆమె పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

"రోజూ కణాలకు పోసే ద్రవం కలిపేది నేనే కదే. నీ సీసా మబ్బు పట్టినప్పుడు మరిచినట్టున్నాను, ఆ తర్వాత మాత్రం అందులో బాక్టీరియాను చంపే యాంటీబయాటిక్ వేయకుండా నా చేయి ఊరుకోలేదు. ఇందాకే గుర్తొచ్చింది."

ఆమె లేచింది. మూడేళ్ళ సామాను ఒక అట్టపెట్టెలో సర్దుకుని మెట్లు దిగుతుంటే డైరెక్టర్ ఆఫీసు గుమస్తా ఎదురొచ్చి ఒక కవరు చేతిలో పెట్టాడు. నెలంతా ఒక్క సీసాలోనూ బాక్టీరియా చేరనివ్వనందుకు ఆమెకు ప్రశంసాపత్రం ఇచ్చారు.