బీరువాకు బుద్ధి నేర్పిన గిరిధర్

పైగా, ఏ బట్ట కట్టుకోవాలో ఎంచుకోవడం మనిషి చేయదగ్గ పని కానే కాదు, అనుకున్నాడు గిరిధర్, బీరువా అద్దానికి అతికించిన పెట్టె వైర్లు సర్దుతూ. ఊపిరి తీసుకోవడానికి ఎవరినైనా సలహా అడుగుతామా? గుండె కొట్టుకోవడానికి మీటింగ్ పెడతామా? మరి చొక్కా దగ్గరే ఎందుకింత మీమాంస?

నవ్వకండి. అతను చెప్పేది సబబే. బందరు జనం రోజూ బీరువాల ముందు నిలబడి పారేసుకునే గంటలన్నీ కూడబెట్టి ఉంటే, మన పోర్టు ఈపాటికి రెండుసార్లు పూర్తయి, ఒకసారి రిపేరుకి కూడా వచ్చేది!

అందుకే మూడేళ్ళ కిందట ఉద్యోగం మానేసి ఈ పెట్టెకు పూనుకున్నాడు. చూడ్డానికి సబ్బుపెట్టెంత. ఒక కెమెరా కన్ను, ఒక తీయని ఆడగొంతు. ఎండెంత, ఉక్కెంత, ఎక్కడికి, ఎవరితో, అన్నీ బేరీజు వేసి ఫలానాది కట్టుకోండి అంటుంది. ఇక మనసుకు సెలవు.

పక్కింటి అబ్దుల్ గఫార్ గారికి ఒకటి ఇచ్చి చూశాడు. ఎక్కడో వాయుగుండం ఉందని అది ఆయన్ని వారం రోజులు రెయిన్‌కోటులో తిప్పింది. చినుకు పడలేదు. ఎనిమిదో రోజు ఆయన దాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చి, "ఈ పనికి మా ఇంట్లో ముందే ఒకరున్నారయ్యా" అని మర్యాదగా అప్పగించి వెళ్ళారు.

అది చిన్న లోపం. పెట్టె చేసిన మేలు చూడాలంటే గిరిధర్ ఇంట్లోనే చూడాలి. పెళ్ళయిన పద్నాలుగేళ్ళుగా అతని భార్య అనసూయ, రెండు చేతుల మీదా చెరో చీర వేసుకొచ్చి, ఏది కట్టుకోమంటారని అడిగేది. లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా ఏదైనా బాగుంటుందనేవాడు. ఆవిడ ఇంకాసేపు నిలబడేది. ఆ నిలబడడం అతని వీపుకు తెలిసేది, సన్నని దురదలా.

ఇప్పుడా బాధ లేదు. ఎనిమిది నెలలుగా ఆవిడ పెట్టెనే అడుగుతోంది. ఇంట్లో ఎంత ప్రశాంతత! ఒక్కోసారి ఆ ప్రశాంతతకి అతనికే చెవులు గింగురుమంటాయి. అలవాటు పడితే అదే పోతుంది.

పెట్టె గొప్పతనమంతా నేర్చుకోవడంలో ఉంది. అనసూయ ఎవరితో బయటికి వెళ్తోందో, ఏ చీర ఎప్పుడు ఉతికిందో దానికి చెబుతుంది. మిగతాది అదే చూసుకుంటుంది. స్నేహితురాలు రుబీనాతో చిలకలపూడి నగల దుకాణాలకైతే నిమ్మపండు రంగు. కూతురు హాసిని స్కూలు ఫంక్షన్‌కైతే నెమలికంఠం, జతగా రోల్డుగోల్డు జుంకాలు. కట్టుకున్నవాడు ఇంత బాగా చెప్పగలడా? చెప్పలేడు. గిరిధరే రుజువు!

ఇక అసలు సంగతి. హైదరాబాదులో ఒక కంపెనీ ఈ డిజైన్ కొనడానికి సిద్ధపడింది. ఒక గృహిణి పెట్టెను వాడుతున్న వీడియో ఆ సాయంత్రం ఆరులోగా పంపాలి. మూడేళ్ళ కష్టం రెండు నిమిషాల వీడియో మీద నిలబడింది. గిరిధర్ కెమెరా ఆన్ చేసి, భర్తతో బయటికి వెళ్తున్నట్టు అడగమన్నాడు. చూసేవాళ్ళకి ముచ్చటగా ఉంటుందన్నాడు.

అనసూయ అడిగింది. పెట్టె తీయగా జవాబిచ్చింది.

"బూడిద రంగు నేత చీర. పూలు వద్దు. తిరిగొచ్చాక తలస్నానం చేసి, చీర తడపండి."

గిరిధర్ కెమెరా ఆపేశాడు. ప్రోగ్రామ్‌లో ఎక్కడో తప్పు దొర్లిందన్నాడు.

"తప్పేం లేదండీ," అంది అనసూయ నవ్వుతూనే. "మనిద్దరం కలిసి వెళ్ళేది పరామర్శలకేగా. పాపం, చూసిందే చెప్పింది."

పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వెళ్ళిపోయింది.

అతను పెట్టె దాచుకున్న చిట్టా లాప్‌టాప్‌లో తెరిచాడు. ఎనిమిది నెలల్లో భర్తతో పదకొండుసార్లు. గూడూరు, పామిడిముక్కల, గుడివాడ రెండుసార్లు, నాగాయలంక... ప్రతిచోటా ఎవరో ఒకరు పోయారు. జంటగా కనిపించకపోతే బాగుండదని బస్సెక్కి వెళ్ళారు. వెళ్ళొస్తామని చెప్పకుండా లేచి వచ్చారు. పన్నెండోది లేదు.

చూశారా, యంత్రం చేసే ఉపకారం? మనిషైతే మొహమాటానికి దాచేది!

ఇంకో ఉపకారం కూడా ఉంది. ఆ పదకొండు వరుసలూ చెరిపేయడానికి ఒక్క మీట చాలు. చెరిపేసి పట్టుచీర అని రాస్తే పెట్టె పట్టుచీరే అంటుంది. కంపెనీ కొంటుంది. ఇక దేశంలో ఏ భర్తా తల ఎత్తనక్కర్లేదు. అనసూయ కూడా కాదనదు, కెమెరా ముందు మళ్ళీ అడుగుతుంది. ఆవిడ అడగడం మానలేదు కదా. అతన్ని అడగడం మానేసింది, అంతే.

గిరిధర్ మీట మీద వేలుంచాడు. ఐదున్నరయింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

నొక్కకుండానే వేలు తీసి, లాప్‌టాప్ మూసి వాకిట్లోకి వెళ్ళాడు. స్కూటర్ వెనక సీటు మీద ఏడాదిగా కట్టి ఉన్న అట్టపెట్టెల తాడు విప్పి, వాటిని కింద పెట్టాడు. జేబురుమాలు తీసి సీటు తుడిచాడు. ఒకసారికి దుమ్ము వదల్లేదు. రుమాలు తిరగేసి మళ్ళీ తుడిచాడు.