గద్ద జారవిడిచిన చేప

ఆ ఏడు ఆడికృత్తిక పండగనాడు పొద్దున్నే పొన్నేరి బస్సెక్కి, అక్కడినుంచి తిరుత్తణి కొండమీది గుడికి వెళ్ళాలని అలిమేలమ్మ ఏర్పాట్లన్నీ చేసుకుంది. కొడుకు జయరామ్‌కు కవరైపేట్టై ఫ్యాక్టరీలో పని పర్మినెంటయితే కావడి ఎత్తిస్తానని మొక్కుకుంది మరి. మొక్కు తీరేదాకా ఇంట్లోకి చేప రాకూడదు. సముద్రపొడ్డున పళవేర్కాడులో పుట్టి పెరిగిన కోడలు ఇంద్రాణికి అది చెరసాల శిక్షే. ఈ రోజు కావడి దిగితే రేపు పొయ్యిమీదికి పులుసెక్కుతుంది. ఈ రోజు తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి.

ఇంద్రాణి మిద్దెమీద ఆరిన బట్టలు తీస్తుండగా, నెత్తిమీద రెండు తెల్లపొట్ట సముద్రపు గద్దలు ఒకే చేపకోసం కాళ్ళు మెలేసుకుని గిరికీలు కొట్టాయి. చేప రెండింటికీ దక్కలేదు. మూరెడు మడవ చేప ఆమె కాళ్ళ దగ్గర తపీమని పడి గిలగిలా కొట్టుకుంది.

"ఏమే, మిద్దెమీద యేం చేస్తా ఉండావు? బస్సొచ్చేస్తాది!" కింది నుంచి అత్తగారు కేకేసింది.

అత్తగారు చేపను చూస్తే ప్రయాణం ఆగిపోతుంది. ఇంద్రాణి దాన్ని కొంగుకింద దాచి దిగి, పెరట్లో నీళ్ళ అండాలో పడేసి మూత పెట్టింది. నీళ్ళు తగలగానే చేపకు ప్రాణం లేచొచ్చింది.

"ఏందే ఆ సద్దు?"

"నీళ్ళు మసలతా ఉండాయత్తా."

"పొయ్యే ముట్టించలేదు గదే!"

అత్తగారు అగ్గిపెట్టె కోసం లోపలికి వెళ్ళగానే ఇంద్రాణి చేపను గోడ అవతలికి విసిరింది. అది అంట్లు తోముకుంటున్న పక్కింటి కస్తూరమ్మ ఒళ్ళో పడింది. కస్తూరమ్మ లేచి నిలబడి చేపనూ ఇంద్రాణినీ మార్చి మార్చి చూసింది.

"మొక్కుండే ఇంట్లోకి దొంగతనంగా చేప తెచ్చుకున్నావంటే... వేవిళ్ళ మసక్కై గదా? ఎన్నో నెల?"

"అయ్యో, కడుపూ లేదు గిడుపూ లేదక్కా! గద్ద యేసినాది!"

"ఆఁ, గద్దే యేస్తాది! మొదటి కానుపప్పుడు నేనూ ఇట్లే బొంకినా. నువ్వు గమ్మునుండు, వండి నేను తెస్తా."

గమ్మునుండటం కస్తూరమ్మకే చేతకాలేదు. జయరామ్ పసుపు పంచె కట్టుకుని, కావడి భుజానికెత్తుకుని వాకిట్లోకి వచ్చేసరికి వీధి ఆడవాళ్ళంతా అక్కడ ఉన్నారు. అలిమేలమ్మ పరుగున వచ్చి కావడి దింపేసింది.

"పెండ్లాం కడుపుతో ఉంటే మొగుడు కొండెక్కకూడదురా! కానుపయినాక చూసుకుందాం."

"ఎవరు కడుపుతో ఉండేది?" అన్నాడు జయరామ్.

"నీకింకా చెప్పలేదా? పాపం, సిగ్గు!" అంది కస్తూరమ్మ.

ఇంద్రాణి ఏడుపు ఆపుకుంటూ ఉన్నదంతా చెప్పింది. పిట్టగోడమీద కూర్చుని తన చేపకోసం పెరడంతా వెతుకుతున్న గద్దను కూడా చూపించింది. అలిమేలమ్మ దాన్ని చూసి రెండు చేతులా చెంపలేసుకుంది.

"ఊర్లో ఇన్ని మిద్దెలుండగా అది నీ ముందరే యెందుకేసినాది? మనిషికి తెలీకపోయినా పక్షికి తెలస్తాది!"

వీధంతా తలూపింది. పొన్నేరి బస్సు హారన్ కొట్టి, ఎవరూ రాకపోయేసరికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం కస్తూరమ్మ పులుసు తెచ్చింది. కడుపుతో ఉన్న పిల్ల కోరితే నియమం అడ్డురాదని అలిమేలమ్మ తీర్పు చెప్పింది. ఒక్కతే తింటే దిష్టి తగులుతుందని తానూ రెండు ముక్కలు వేసుకుంది. ఇంద్రాణి ఇంకొకసారి కాదనబోయింది గానీ, గిన్నె మూత తీశాక ఆ ఆలోచన మానుకుంది.

జయరామ్‌కు ముల్లంగి సాంబారు వడ్డించారు. మొక్కు అతనిది కదా.