గంజి పెట్టిన కవచం

ఆ బుధవారం శశిభూషణ్ పథకం చాలా సాదాసీదాది. ఆరింటికి కవచం తొడుక్కుని తార్నాక వీధుల్లో గంటసేపు నడిచి, ఒంటికి ఎంత ఉక్కగా ఉంటుందో చూసుకోవాలి. తర్వాత చెమట ఆరడానికి దాన్ని బాల్కనీలో నీడపట్టున తగిలించాలి. స్నానం చేసి, ఉప్మా తిని, స్కూటరెక్కి పదింటికల్లా యూనివర్సిటీ లాబ్‌లో ఉండాలి. పదకొండింటికి కమిటీ ముందు పరీక్ష. ఇందులో చెడిపోవడానికేముందని ఎవరైనా అనుకుంటారు. అతనూ అనుకున్నాడు, పాపం.

మూడేళ్లుగా అతను హోంగార్డుల కోసం తేలికపాటి కవచం తయారు చేస్తున్నాడు. చిక్కల్లా దబ్బనంలాంటి సన్నటి మొనల పోటుతోనే. తూటా వచ్చి గుద్దితే బట్టలోని దారాలన్నీ కలిసి దాన్ని పట్టుకుంటాయి. దబ్బనమేమో దారాలను మర్యాదగా పక్కకు జరిపి లోపలికి వెళ్లిపోతుంది. ఇప్పటికి రెండు పరీక్షల్లోనూ వెళ్లిపోయింది. పైగా తడవకుండా వేసిన ప్లాస్టిక్ తొడుగు వల్ల లోపలి మనిషి ఉడికిపోతున్నాడని కమిటీ తప్పుపట్టింది. దాంతో అది తీసేసి, భార్య వైదేహి చేత తెల్ల కాటన్ తొడుగు కుట్టించాడు. ఈసారీ దబ్బనం దిగిందంటే ప్రాజెక్టు మూతపడుతుంది, అతని కాంట్రాక్టు ఉద్యోగం కూడా అక్కడితో సరి.

స్నానం చేసి వచ్చేసరికి కవచం బాల్కనీ తీగమీద చిక్కటి గంజి కారుస్తూ వేలాడుతోంది.

"ఎవరు తడిపారు దీన్ని?" ఇల్లు అదిరేలా అరిచాడు.

"నేనే సారూ," అంది పదేళ్లుగా ఆ ఇంట్లో పనిచేస్తున్న బుచ్చవ్వ. "బాల్కనీల తెల్లయన్నిటికి గంజి పెట్టుమని అమ్మనే చెప్పింది. ఏం బనీనో ఏమో, బకెట్ గంజి తాగింది."

వైదేహి వంటింట్లోంచి వచ్చింది. "నేను చొక్కాల సంగతి చెప్పానండీ. మీరు దీన్ని తీసుకెళ్లి చొక్కాల పక్కన తగిలిస్తే ఆవిడకేం తెలుస్తుంది?"

"అది బనీను కాదు! ప్రాణాలు కాపాడేది! తడవకూడదు!"

"చెమట కంపు కొడుతున్నదని ఉతికిన. గది గూడ తప్పేనా?"

"తప్పే! మూడేళ్ల కష్టాన్ని గంజిలో ముంచావు. ఇంకెప్పుడూ నా బట్టలకు గంజి పెట్టకు!"

బుచ్చవ్వ చెంబు ఠక్కున కింద పెట్టింది. "మంచిది. గంజి పెట్టొద్దంటే ఇగ నేనెందుకు? రేపటిసంది రాను," అని కొంగు దోపుకుని గోల్నాకలోని తన ఇంటి దారి పట్టింది.

శశిభూషణ్ లాబ్ టెక్నీషియన్ సుందరరావుకు ఫోన్ చేశాడు. "ఇంకో కవచం ఉంది కదా?"

"ఉందండి. మొన్న మీరే దబ్బనంతో నలభై పోట్లు పొడిచారు కదండి. పిండి జల్లించుకోవడానికైతే పనికొస్తుందండి."

ఎండలో వేద్దామంటే ఎండకు ఆ దారాల బలం తగ్గిపోతుంది. ఫ్యాను కింద పెడితే అరగంటకి కూడా చుక్కలు ఆగలేదు. ఆఖరికి సందు చివర ఇస్త్రీ బండి దగ్గరికి పరుగెత్తాడు. అక్కడతను పెట్టె మీద బరువంతా వేసి ఇటూ అటూ రుద్ది, "ఏం గుడ్డ సార్ ఇది, నా చెయ్యి కాలుతున్నది గాని ఇది కాలుతలేదు," అన్నాడు. కవచం ఆరింది. ఆరడమే కాదు, తలుపు చెక్కలా బిగుసుకుపోయింది. సంచిలో పట్టదు, మడత పడదు. ఇక దాన్ని ఒంటికి తొడుక్కోవడం తప్ప దారి లేదు. వైదేహి పైన చొక్కా వేసి, బొత్తాలు పెట్టి, చేతులు కిందికి దిగని మొగుణ్ణి స్కూటరు మీద కూర్చోబెట్టి పంపింది.

యూనివర్సిటీ గేటు ముందు, హాస్టల్ మెస్‌లో టిఫిన్ బాగాలేదని విద్యార్థులు ధర్నాకు కూర్చున్నారు. సెక్యూరిటీ గార్డు అతని ఛాతీ తట్టి చూసి, "లోపల ఏందిది సార్?" అన్నాడు.

"బుల్లెట్‌ప్రూఫ్," అన్నాడు శశిభూషణ్. ఆ ఒక్క నిజం చెప్పకుండా ఉండాల్సింది.

మాట ధర్నా చివరిదాకా పాకడానికి నిమిషం కూడా పట్టలేదు. సారు బుల్లెట్‌ప్రూఫ్ వేసుకొచ్చాడంటే కాల్పులు జరగబోతున్నాయన్నమాట! వందమంది అతన్ని చుట్టేశారు.

"మంచి సాంబార్ అడిగినం సార్!" అన్నాడు వాళ్ల నాయకుడు జశ్వంత్. "గంతదానికే తుపాకులా?"

"తుపాకులూ లేవు, ఏవీ లేవు! ఇది నా పరిశోధన బాబూ! ప్రస్తుతానికి ఇందులో ఉన్నది గంజి!"

జశ్వంత్ గోరుతో గీకి, వాసన చూసి, మైకు అందుకున్నాడు. "గంజే రా భయ్! పొద్దున మెస్‌ల మనకు పోసిన సాంబార్ గిదే!"

ఆ తర్వాత పావుగంటసేపు శశిభూషణ్‌ను గోడమీద సాక్ష్యంగా నిలబెట్టారు. "గంజి సాంబార్ డౌన్ డౌన్!" అని నినాదాలిచ్చారు. దిగి పారిపోదామంటే మోకాళ్లు చూసుకోవడానికి కూడా నడుం వంగలేదు.

లాబ్‌కు చేరేసరికి పదకొండూ పది. ప్రాజెక్టు పెద్ద రూతు మేడమ్‌ను పక్కకు పిలిచి, జరిగిందంతా చెప్పేశాడు. "వాయిదా అడుగుదాం మేడమ్."

"రెండుసార్లు అడిగాం శశీ. ఇంకోసారి నోరు రాదు. ప్రార్థన చేసుకుని దీన్నే పరీక్షకు పెట్టెయ్యండి."

కమిటీ ఛైర్మన్ వెంకటసుబ్బారావు రిటైరైన పోలీసు అధికారి. వాచీ చూసుకుంటూ కూర్చున్నాడు. సుందరరావు కవచాన్ని మట్టిదిమ్మె మీద పరిచి, దబ్బనం బిగించిన బరువును పైనుంచి వదిలాడు. శశిభూషణ్ కళ్లు మూసుకున్నాడు. ఉద్యోగం పోయిందని వైదేహికి ఎలా చెప్పాలా అన్నదే అతని ఆలోచన.

టక్.

కళ్లు తెరిచాడు. దబ్బనం దిగలేదు. ఇంకాస్త ఎత్తునుంచి వదిలారు, దిగలేదు. మూడోసారి దాని మొన వంగింది. ఎండిన గంజి దారాలన్నిటినీ ఎక్కడివక్కడ పట్టేసింది. పక్కకు జరిగి దారి ఇవ్వడానికి వాటికి వీల్లేకపోయింది. మూడేళ్లు తలబద్దలు కొట్టుకున్నది ఒక బకెట్‌తో తీరిపోయిందని అర్థమయ్యాక శశిభూషణ్‌కు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది.

"ఏం పూశారయ్యా?" అన్నాడు వెంకటసుబ్బారావు.

శశిభూషణ్ నోరు తెరిచేలోగా రూతు మేడమ్ అందుకుంది. "మొక్కలనుంచి వచ్చే పదార్థమండీ. ఇక్కడే దొరుకుతుంది."

"భేష్! ఇలాంటివే పన్నెండు కవచాలు ఒక్క నెలలోగా పంపండి. అన్నీ ఒక్కలా ఉండాలి. అప్పుడే ప్రాజెక్టు పొడిగింపు."

తర్వాతి మూడు రోజులూ లాబ్‌లో త్రాసు పెట్టి, థర్మామీటరు పెట్టి గంజి కాచారు. ఒకసారి పలచనై దబ్బనం హాయిగా దిగింది. ఇంకోసారి ముద్దై కవచం పెళపెళ విరిగింది. శనివారం సాయంత్రం శశిభూషణ్ గోల్నాక వెళ్లి బుచ్చవ్వ గడప ముందు నిలబడ్డాడు.

"బియ్యమెంత, నీళ్లెన్ని అవ్వా?"

"అందాజ సారూ. చెయ్యి పెడితే తెలుస్తది."

"అయితే నీ చెయ్యే కావాలి. నేను అరవడం తప్పే. రా అవ్వా."

"గంజి పెట్టొద్దంటివి గదా?"

"పెట్టు. ఊళ్లో హోంగార్డులందరికీ పెట్టు!" అతను గడపమీదే కూలబడ్డాడు. "మరి వానకు తడిస్తే ఏమవుతుంది?"

"ఏమైతది, మెత్తబడ్తది. మల్ల గంజి పెట్టాలె." బుచ్చవ్వ కాసేపు బెట్టు చేసి, కొంగు దులుపుకుంది. "వస్తగాని, ఐతారం మాత్రం రాను. ముందే చెప్తున్న."

నెల తిరిగాక పంపిన నివేదికలో 'ఈ కవచం పరిమితులు' అన్నచోట శశిభూషణ్ నిజాయితీగా రెండే మాటలు రాశాడు. వానాకాలం, ఆదివారం.