దయామణి శ్రోత

సొంతంగా పాటలు కట్టుకుని పాడేవాళ్ల శ్రోతలు తప్పిపోతే, ఏలూరులో వాళ్లను శ్రోతల కార్యాలయం మూడో గదిలో బెంచీల మీద కూర్చోబెడతారు. గాయకులు వచ్చి, గుర్తులు చెప్పి తీసుకెళ్లాలి. వేళలు పదిన్నర నుంచి ఐదు, మధ్యలో భోజన విరామం. శ్రోతలకు మంచినీళ్లు ఇస్తారు. పాటలు మాత్రం వినిపించరు, అలవాటైపోతుందని.

దయామణి గిటారు భుజాన వేసుకుని సోమవారం వచ్చింది. నాలుగేళ్ల కిందట లైబ్రరీ హాల్లో ఆవిడ పాడుతుంటే, రెండో చరణంలో ఎవరిదో మగగొంతు సన్నగా కలిసింది. ఆ పాట ఆవిడే రాసింది. అంతకుముందు ఫోన్లో పెడితే పదకొండు మంది విన్నారు. ఆ పదకొండు మందిలో ఒకరు దాన్ని కంఠతా పట్టారన్నమాట. ఆవిడ కళ్లు తెరిచేసరికి జనం చెప్పులేసుకుని వెళ్లిపోతున్నారు. ఆ మనిషి ఎదురుగా కూర్చుని ఒక్కసారి పాడాలని అప్పటినుంచీ ఆవిడ కోరిక. ఇంకో కోరికంటూ పెద్దగా లేదు.

గుమాస్తా కొండలరావు ఫారం తీశాడు. "గుర్తులు చెప్పండమ్మా."

"పల్లవి చిన్నదండి. చరణాలు వానాకాలంలో రాశాను..."

"పాట గుర్తులు కాదమ్మా, ఆయన గుర్తులు. ఎత్తు, రంగు, పుట్టుమచ్చలు."

"నేను కళ్లు మూసుకుని పాడతానండి."

కొండలరావు విసుక్కోలేదు. పాడేవాళ్లంతా చేసే పొరపాటే అది.

అప్పుడే మూడో గది తలుపు వెనక నుంచి రెండో చరణం వినిపించింది, సన్నగా. దయామణి చటుక్కున తలుపు వైపు తిరిగింది. "ఆ గొంతేనండి."

కొండలరావు కూడా చెవి ఒగ్గి శ్రద్ధగా విన్నాడు. "బాగుందమ్మా. కానీ ఫారంలో గొంతుకు గడి లేదు."

"పోనీ ఆయన్నే అడగండి, నన్ను గుర్తుపడతారేమో."

"అడిగామమ్మా. ఆయనా కళ్లు మూసుకునే విన్నారట."

గుర్తులు చెప్పలేనివాళ్లకు నిబంధన ప్రకారం అలాంటి శ్రోతనే ఇంకొకర్ని ఇస్తారు. లోపలున్న ఆయనకూ అలాంటి గాయనినే ఎవర్నో చూస్తారు. దయామణి తలుపు వంక చాలాసేపు చూసి, సంతకం పెట్టింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఒకాయన వస్తాడు. మంచివాడు, వేళ తప్పడు, తలాడించాల్సిన చోటల్లా తలాడిస్తాడు. దయామణి కళ్లు తెరిచే పాడుతోంది. రెండో చరణం దగ్గర మాత్రం కాస్త ఆగుతుంది. ఆవిడ మళ్లీ అందుకునేదాకా ఆయన మర్యాదగా ఎదురుచూస్తాడు. పాట అయ్యాక కార్యాలయం వాళ్ల ఫారం అందిస్తాడు. "మీ శ్రోత మీకు దొరికారా?" అన్నచోట ఆవిడ అవునని రాసి ఇస్తుంది.